అమానత్‌కు కాపలా – ఉస్మాన్ హమ్దీ బే జీవితం

మన ఇళ్ళలో పెద్దలు తరచు వాడే మాట ఒకటుంది – అమానత్. ఒకరు మనల్ని నమ్మి దాచమని ఇచ్చిన వస్తువు అమానత్. అది మనది కాదు. వాడుకోవడానికి లేదు, అమ్ముకోవడానికి లేదు, పోగొట్టడానికి అసలే లేదు. అడిగిన రోజున ఇచ్చింది ఇచ్చినట్టుగా అప్పజెప్పాలి. హజ్‌కు పోతూ పొరుగువారు నగల పెట్టె మన ఇంట్లో పెట్టి వెళితే, వారు తిరిగి వచ్చేదాకా మన ఇంటి ఆడవాళ్ళకు సరిగా నిద్ర పట్టదు. అమానత్ బరువు అలాంటిది.

మరి, ఇచ్చినవాళ్ళు చచ్చిపోయి రెండు వేల ఏళ్ళయి, అడగవలసినవాళ్ళు ఇంకా పుట్టనే లేదనుకోండి. అలాంటి అమానత్‌ను ఎవరు కాపాడతారు? లోకంలో ఇందుకోసమే ఒక ఉద్యోగం ఉంది. మ్యూజియంలో వస్తువుల భారం మోసే ఆ ఉద్యోగిని క్యూరేటరు అంటారు. మ్యూజియంను ఉర్దూలో అజాయబ్‌ఘర్ అంటాము. వింతల ఇల్లు అని అర్థం. మన పిల్లలు హైదరాబాదు వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం ముందు నిలబడి, వింత చూసి, ఇంటికి వచ్చేస్తారు. ఆ వస్తువు అక్కడికి ఎలా చేరింది, దాని లెక్క ఎవరు రాశారు, రాత్రి తాళం ఎవరు వేశారు అన్న సంగతి ఎవరికీ తట్టదు.

అందుకని ఈ ఏడు సంచికలో ఒక మ్యూజియం అధికారి జీవితం చెప్పుదామని అనుకున్నాము. ఆయన రాజు కాదు, సేనాపతి కాదు, ఆలిం కాదు. ఇరవై తొమ్మిదేళ్ళు ఒకే కుర్చీలో కూర్చుని తన దేశపు అమానత్‌ను కాపాడిన మనిషి. పేరు ఉస్మాన్ హమ్దీ బే. "బే" అంటే మన దగ్గర సాహెబ్ లాంటి గౌరవ పదమే. ఊరు ఇస్తాంబూలు. ఉస్మానియా అనగానే మన వాళ్ళకు హైదరాబాదు యూనివర్సిటీ గుర్తుకు వస్తుంది. ఇక్కడ మేము చెప్పేది టర్కీ సుల్తానుల ఉస్మానియా సల్తనత్ గురించి.

తండ్రి కథ

కొడుకు కథ తెలియాలంటే ముందు తండ్రి కథ కొంచెం చెప్పుకోవాలి. తండ్రి ఇబ్రాహీం ఎద్‌హెమ్ పాషా. పుట్టుకతో ఆయన గ్రీకు పిల్లవాడు, ఊరు కియోస్ ద్వీపం. 1822లో ఆ ద్వీపంలో తిరుగుబాటు, దాని వెనుకే ఘోరమైన హత్యాకాండ జరిగాయి. నాలుగైదేళ్ళ పసివాడు బందీ అయి ఇస్తాంబూలు చేరాడు. హుస్రెవ్ పాషా అనే పెద్ద అధికారి ఆ బిడ్డను తన ఇంట్లో పెంచుకుని, తెలివి చూసి, పారిస్ పంపించి చదివించారు. కుర్రవాడు గనుల ఇంజనీరై తిరిగి వచ్చాడు. క్రమంగా మంత్రి అయ్యాడు, రాయబారి అయ్యాడు, చివరికి 1877లో సల్తనత్‌కే ప్రధాన వజీరు అయ్యాడు. చదువు మనిషిని ఎక్కడి నుంచి ఎక్కడికి తీసుకుపోతుందో చెప్పడానికి మా తరగతిలో ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

ఆ ఇంట్లో 1842 డిసెంబరు 30న ఉస్మాన్ హమ్దీ పుట్టారు. 1860లో తండ్రి ఆయనను కూడా పారిస్ పంపారు. లా చదివి రావాలని తండ్రి కోరిక. కుర్రవాడు లా పుస్తకాలు తెరిచారు గాని మనసు రంగుల మీదికి పోయింది. బూలాంజే అనే చిత్రకారుడి దగ్గర చేరి బొమ్మలు వేయడం నేర్చుకున్నారు. 1867లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన వేసిన మూడు చిత్రాలు పెట్టారు. డబ్బు పంపిన తండ్రికి ఈ కబురు సంతోషం కలిగించిందో, చిరాకు పుట్టించిందో మనం ఊహించుకోవలసిందే.

ఇంటికి వచ్చాక సర్కారు నౌకరీ తప్పలేదు. 1869లో మిద్‌హత్ పాషా వెంట బాగ్దాదు వెళ్ళి పనిచేశారు. 1873లో వియన్నా నగరంలో ప్రపంచ ప్రదర్శన జరిగితే టర్కీ తరఫు ఏర్పాట్లు చూశారు. ఆ సందర్భంగా సల్తనత్‌లోని అన్ని ప్రాంతాల, అన్ని మతాల ప్రజల దుస్తులను ఫోటోలతో చూపించే పెద్ద పుస్తకం తయారైంది. దాని రచనలో ఆయన చేయి ఉంది. 1877లో ఇస్తాంబూలులోని బెయొగ్లూ పేటకు మునిసిపల్ అధ్యక్షులుగా చేశారు. ఇలా నలభై ఏళ్ళు నిండబోయే దాకా ఆయన జీవితం ఆ నౌకరీ ఈ నౌకరీగానే నడిచింది. అసలు పని ఇంకా మొదలు కాలేదు.

ఆ నాటి మ్యూజియం

ఇస్తాంబూలులో మ్యూజియం లేదని కాదు. 1846 ప్రాంతంలోనే రాజప్రాసాదం ఆవరణలో ఉన్న సెయింట్ ఐరీన్ అనే పాత చర్చిలో పురాతన వస్తువులు కొన్ని చేర్చి పెట్టారు. ఆ చర్చి అప్పటికే ఆయుధాల గోదాముగా ఉండేది. కత్తుల పక్కన విగ్రహాలు, తుపాకుల పక్కన శిలాశాసనాలు. 1869లో దానికి మూజయె హుమాయూన్ అని పేరు పెట్టారు. ఉర్దూ వచ్చినవారికి అర్థం చెప్పనక్కరలేదు, రాజ్య మ్యూజియం అని. అధికారులుగా పై దేశాలవారిని పెట్టారు. మొదట గూల్డ్ అనే స్కూలు మాస్టరు, కొన్నాళ్ళ తర్వాత డెతియర్ అనే జర్మను పండితుడు. చోటు చాలక 1880లో మ్యూజియంను చీనీలీ కియోష్క్ అనే భవనంలోకి మార్చారు. అది సుల్తాన్ మొహమ్మద్ ఫాతెహ్ 1472లో కట్టించిన రంగు పెంకుల మహలు.

1881లో డెతియర్ చనిపోయారు. మళ్ళీ ఒక జర్మను వారినే తెద్దామా అని ఆలోచన నడిచింది. చివరకు ఉస్మాన్ హమ్దీ బేను నియమించారు. మ్యూజియానికి స్వదేశీయుడు అధికారి కావడం అదే మొదలు.

ఆయన కుర్చీలో కూర్చునేసరికి పరిస్థితి ఎలా ఉందో కొంచెం వివరంగా చెప్పాలి. అప్పటి టర్కీ సల్తనత్‌లో ఈనాటి ఇరాక్, సిరియా, లెబనాన్, పాలస్తీనా, జోర్డాన్ అన్నీ ఉండేవి. బాబిలోను, నీనెవె, ట్రాయ్ లాంటి ప్రాచీన నగరాలన్నీ ఆ నేలలోనే ఉన్నాయి. యూరపు దేశాల మ్యూజియాలు పోటీలు పడి అక్కడ తవ్వకాలు చేయించేవి. దొరికినవి దొరికినట్టు ఓడలకెక్కేవి. 1873లో ష్లీమాన్ అనే జర్మను వర్తకుడు ట్రాయ్‌లో దొరికిన బంగారాన్ని గుట్టుచప్పుడు కాకుండా దేశం దాటించాడు. టర్కీ ప్రభుత్వం ఏథెన్సు కోర్టులో దావా వేసింది. చివరకు 1875లో 50,000 ఫ్రాంకులు పుచ్చుకుని రాజీపడింది. బంగారం మాత్రం తిరిగి రాలేదు. 1878 నుంచి బెర్గమాలో జర్మనులు తవ్వి, అక్కడి బ్రహ్మాండమైన బలిపీఠం శిల్పాలను బెర్లిను చేర్చుకున్నారు.

1874లో చేసిన చట్టం ఒకటి ఉండేది. దాని ప్రకారం దొరికిన సొత్తులో తవ్వినవాడికి మూడో వంతు, భూమి సొంతదారుడికి మూడో వంతు, సర్కారుకు మూడో వంతు. వినడానికి న్యాయంగానే ఉంది. కాని ఒక విగ్రహాన్ని మూడు ముక్కలు చేసి పంచుకోవడం ఎలాగ? పైగా భూమిని తవ్వేవాడే కొనేస్తే రెండు వంతులు వాడివే. మిగిలిన సర్కారు వాటాను కూడా కొంత సొమ్మిచ్చి విడిపించుకునేవారు.

ఇది టర్కీ ఒక్కదాని గతి కాదు సుమా. మన కృష్ణా తీరాన అమరావతి స్తూపం శిల్పాలను 1845లో వాల్టర్ ఇలియట్ దొర తవ్వించి మద్రాసుకు తరలించారు. 1859లో అవి ఓడ మీద లండను వెళ్ళాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేతికి వచ్చాయి. ఈ రోజుకీ అక్కడే ఉన్నాయి. మన అమరావతి పిల్లవాడు తన ఊరి ఆ రాళ్ళు చూడాలంటే విమానమెక్కాలి. ఉస్మాన్ హమ్దీ బే పోరాటం ఎందుకోసమో మనకు ఇంతకంటే తేలికగా తెలియదు.

1884 నాటి నిజాంనామా

కుర్చీలో కూర్చున్న మూడో ఏట ఆయన కొత్త చట్టం తెప్పించారు. దాని పేరు ఆసారె అతీఖా నిజాంనామా, అంటే పురావస్తువుల నిబంధనావళి. సారాంశం రెండు మాటల్లో చెప్పొచ్చు. నేలలో ఉన్న పురాతన వస్తువు సర్కారుది. దాన్ని దేశం దాటించడానికి వీల్లేదు. పై దేశాలవారు అనుమతి తీసుకుని తవ్వుకోవచ్చు, చదువుకోవచ్చు, కొలతలు తీసుకోవచ్చు, బొమ్మలు గీసుకోవచ్చు, అచ్చులు పోసుకుని పట్టుకుపోవచ్చు. అసలు వస్తువు మాత్రం ఇస్తాంబూలు మ్యూజియానికి చేరాలి.

యూరపు పండితులకు ఇది రుచించలేదు. అనుమతుల కోసం వారు ఆయన గది బయట కూర్చోవలసి వచ్చింది. పారిస్‌లో చదివినవాడు, వాళ్ళ భాషలోనే మాట్లాడేవాడు, వాళ్ళ ఎత్తులు తెలిసినవాడు. తెలియక సంతకం పెడతాడని ఆశపడటానికి లేదు.

చట్టం కాగితం మీద ఉంటే చాలదు. వస్తువు ఎక్కడ దొరికినా ముందు కబురు రావాలి, కబురు వచ్చాక మనిషి వెళ్ళాలి, వెళ్ళినవాడు చెడగొట్టకుండా తేవాలి. దీనికోసం ఆయన తానే బయలుదేరేవారు. 1883లో నెమ్రూత్ కొండ ఎక్కారు. అది సుమారు 2,100 మీటర్ల ఎత్తు. శిఖరం మీద క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దపు రాజు ఒకరు తన సమాధి చుట్టూ పెద్ద పెద్ద రాతి విగ్రహాలు నిలబెట్టించుకున్నారు. శిల్పి ఓస్గాన్ ఎఫెందీని వెంటబెట్టుకుని వెళ్ళి, పరీక్షించి, ఇద్దరూ కలిసి అదే ఏడు పుస్తకం ప్రకటించారు. ఓస్గాన్ ఆర్మీనియను క్రైస్తవుడు. ఈ మాట ఎందుకు చెప్పుతున్నామంటే, బే తన పనికి తగిన మనిషిని చూశారే గాని ఏ కౌము అని అడగలేదు.

సైదా తవ్వకం

ఆయన పేరు లోకమంతా మారుమోగింది 1887లో. ఈనాటి లెబనాన్‌లో సైదా అనే రేవు పట్టణం ఉంది. పాత పేరు సీదోను. ఆ ఏడు మార్చిలో ఒక ఆసామి తన పొలంలో రాయి కోసం తవ్వుతుంటే లోతైన బావి లాంటి గొయ్యి బయటపడింది. అడుగున నాలుగు వైపులా గదులు, గదుల్లో రాతి శవపేటికలు. కబురు ఇస్తాంబూలు చేరింది. ఏప్రిల్ నెలాఖరుకు బే అక్కడ దిగారు.

దిగి చూస్తే దీపం వెలుగులో తెల్లని చలువరాయి మీద యుద్ధం చేస్తున్న గుర్రపు రౌతులు, సింహాల వేట, రంగులు ఇంకా పూర్తిగా చెదరలేదు. ఒకదాని చుట్టూ స్తంభాల మధ్య పద్దెనిమిది మంది స్త్రీలు దుఃఖంలో నిలబడి ఉన్నారు, ఒక్కొక్కరి బాధ ఒక్కొక్క తీరు. ఇవన్నీ క్రీస్తు పూర్వం అయిదు, నాలుగు శతాబ్దాల నాటి రాజుల పేటికలు. ఒకదాని మీద సికందరు బాదుషా రూపం చెక్కి ఉన్నందున దానికి సికందర్ పేటిక అని పేరు వచ్చింది. సికందరు అందులో పడుకోలేదు. సీదోను రాజు అబ్దలోనిమస్‌ది అయి ఉండాలని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం.

చూడటం ఒక ఎత్తు, బయటికి తీయడం ఒక ఎత్తు. సికందర్ పేటిక ఒక్కటే మూడు మీటర్లకు మించిన పొడవు, రెండు మీటర్లకు దగ్గర ఎత్తు. దాన్ని తాళ్ళు కట్టి గొయ్యిలోంచి పైకి లాగితే శిల్పం గోడకు తగిలి పగలవచ్చు, తాడు తెగితే మనుషులే పోవచ్చు. బే తొందరపడలేదు. కొండ వాలున పల్లంలో ఉన్న తోటల వైపు నుంచి సొరంగం తవ్వించారు. పేటికలను పైకి ఎత్తకుండా, అడ్డంగా, నెమ్మదిగా జరుపుకుంటూ తోటలోకి తెచ్చారు. అక్కడి నుంచి సముద్రం దాకా పట్టాలు పరిపించారు. ఒడ్డున రేవు కట్ట కట్టించారు. వచ్చిన ఓడ పేరు అసీర్. అంత పెద్ద సరుకు పైనుంచి దింపడం కుదరక ఓడ పక్కను కోయించి, ఆ దారిన లోపలికి చేర్చారు. ఇదంతా ఒక వేసవిలోపు ముగిసింది. పేటికలు ఇస్తాంబూలు క్షేమంగా చేరాయి.

నష్టం అసలే జరగలేదని కాదు. తబ్నీత్ అనే రాజు పేటిక తెరిచినప్పుడు లోపల ఒక ద్రవంలో దేహం చెడిపోకుండా ఉందని, అధికారి దగ్గర లేని సమయంలో కూలీలు ఆ ద్రవాన్ని పారబోశారని, దాంతో దేహం పాడయిందని ఆనాటివారు రాసిపెట్టారు. రెండు వేల నాలుగు వందల ఏళ్ళు నిలిచింది ఒక్క పూటలో పోయింది. అమానత్ దగ్గర కాపలా మనిషి ఒక గంట పక్కకు వెళ్ళడం కూడా ఎంత ప్రమాదమో ఈ సంగతి చెబుతుంది.

కొత్త భవనం

ఇంత సొత్తు వచ్చి వాకిట్లో కూర్చుంటే పాత మహలు ఎక్కడ చాలుతుంది? బే దీన్నే అవకాశం చేసుకున్నారు. చీనీలీ కియోష్క్ ఎదురుగానే కొత్త భవనం కావాలని సర్కారును ఒప్పించారు. వాలోరీ అనే వాస్తుశిల్పి నమూనా గీశారు. భవనం ముఖభాగాన్ని సీదోను పేటికల పోలికలోనే తీర్చారు. అంటే వస్తువుల కోసం ఇల్లు కట్టడమే కాదు, వస్తువును చూసి ఇంటికి రూపం ఇచ్చారన్నమాట. 1891 జూన్ 13న తలుపులు తెరిచారు. తర్వాత 1903లో ఒక వైపు, 1907 నాటికి మరో వైపు భవనాన్ని పెంచారు. మొదలు ఒక మహల్లో ఒదిగిన సొత్తుకు ఆయన చేతుల మీదుగానే ఈ మూడు విస్తరణలు జరిగాయి.

అక్కడ జరిగే రోజువారీ పనిని కూడా మన సభ్యులు తెలుసుకోవాలి. స్కూళ్ళలో పనిచేసే మాలాంటి వారికి స్టాకు రిజిస్టరు అంటే ఏమిటో బాగా తెలుసు. బెంచీలు ఎన్ని, మ్యాపులు ఎన్ని, విరిగినవి ఎన్ని అని ఏటేటా రాయాలి. మ్యూజియంలో రిజిస్టరు దీనికి తాత. వస్తువు తలుపు దాటి లోపలికి రాగానే దానికి నంబరు పడాలి. ఎక్కడ దొరికింది, ఎంత లోతున దొరికింది, పక్కన ఏమున్నాయి, కొలతలెంత, ఏ రాయి, ఎక్కడ పగిలి ఉంది, అన్నీ రాయాలి. దొరికిన చోటు రాయకపోతే ఎంత అందమైన విగ్రహమైనా నోరులేని పిల్లవాడే. తన ఊరి పేరు తాను చెప్పుకోలేదు. ఆ తర్వాత ఫోటో, ఆ తర్వాత శుభ్రం చేయడం, ఆ తర్వాత ఏ గదిలో, ఏ వెలుతురులో పెట్టాలో తేల్చడం. తేమ, దుమ్ము, వేడి, దొంగ, ఈ నాలుగూ ఎప్పుడూ వాకిట్లోనే కాచుకుని ఉంటాయి. బే ఈ పనులకు మనుషులను కూర్చారు, గ్రంథాలయం పెట్టారు, వచ్చిన సొత్తుకు పట్టికలు రాయించారు. సీదోను పేటికల మీద ఫ్రెంచి పండితుడు థియొదోర్ రీనాక్‌తో కలిసి 1892లో పెద్ద గ్రంథం వెలువరించారు. మ్యూజియంలోని శిల్పాలన్నిటికీ మెండెల్ అనే ఆయన చేసిన మూడు సంపుటాల పట్టిక బే చనిపోయిన తర్వాత, 1912–1914 మధ్య వచ్చింది. నాటినవారు ఒకరు, కోసినవారు ఒకరు. ఈ ఉద్యోగమే అలాంటిది.

మనుషులు తయారు కావాలంటే బడి కావాలి గదా. మ్యూజియం అధికారి అయిన మరుసటేడే సనాయె నఫీసా మక్తబ్ అనే చిత్రకళా పాఠశాల బాధ్యత కూడా ఆయనకు అప్పగించారు. 1883లో అది మొదలైంది. చిత్రలేఖనం, శిల్పం, భవన నిర్మాణం నేర్పేవారు. ఈనాడు అదే మిమార్ సినాన్ లలితకళల విశ్వవిద్యాలయంగా ఇస్తాంబూలులో నడుస్తోంది.

ఓడిన చోట్లు

పెద్దవారి జీవితం చెప్పేటప్పుడు గెలుపులు మాత్రమే చెప్పి ముగించడం మాకు నచ్చదు. బే కట్టిన గట్టుకు గండ్లు పడ్డాయి. చట్టం ఆయనది, కాని రాజ్యం సుల్తానుది. సుల్తాన్ అబ్దుల్ హమీద్‌కు జర్మను కైసరు స్నేహం అవసరమైంది. ఈనాటి జోర్డాన్‌లో ముషత్తా అనే చోట ఉమయ్యా ఖలీఫాల కాలపు కోట ఒకటుంది. దాని ముందరి గోడంతా ద్రాక్షతీగలు, పక్షులు, జంతువుల నగిషీలు. ఆ గోడను విప్పి 1903లో కైసరుకు బహుమతిగా బెర్లిను పంపించేశారు. బే వద్దని అభ్యంతరం చెప్పారు. వినలేదు. చట్టం రాసినవాడి కళ్ళ ముందే, అదీ ఇస్లామీ కళ తొలిదశకు సాక్ష్యమైన గోడ, ఓడెక్కింది.

ఇంకొక సంగతి. అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీవారు ఇరాక్‌లోని నిప్పూరులో తవ్వేవారు. మసీదు వాకిలి దృశ్యంతో బే వేసిన ఒక పెద్ద చిత్రాన్ని వారి మ్యూజియం 1895లో కొనుక్కుంది. అధికారిని మంచి చేసుకోవడానికే కొన్నారని చరిత్రకారులు అంటారు. ఇలాంటి పదవిలో ఉన్నవాడు కుంచె పట్టినా దాని వెనుక ఎవరో ఒకరు లెక్క వేస్తారు. అమానత్ పట్టుకున్న చేతిని లోకం ఎప్పుడూ గమనిస్తూనే ఉంటుంది. ఈ నీడను కూడా చెప్పడమే న్యాయమని మా ఉద్దేశం.

ముషత్తా గోడ పోయాక ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1906లో చట్టాన్ని తిరగరాయించారు. గ్రీకు, రోమను వస్తువులతోపాటు ఇస్లామీ కాలపు కళాఖండాలు కూడా అందులో స్పష్టంగా చేరాయి. ఆ చట్టం ఎంత గట్టిగా కట్టిందో చూడండి. సుల్తానులు పోయారు, సల్తనత్ పోయింది, 1923లో రిపబ్లిక్ వచ్చింది, ఆ చట్టం మాత్రం టర్కీలో 1973 దాకా నిలబడింది. రాసినవాడు పోయాక కూడా అరవై మూడేళ్ళు.

తాబేళ్ళ మనిషి

ఇంత పనిలోనూ ఆయన బొమ్మలు వేయడం మానలేదు. వాటిలో 1906లో వేసిన తాబేళ్ళ మనిషి చిత్రం టర్కీ దేశంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎర్ర అంగీ తొడిగిన ముసలాయన ఒకరు కిటికీ పక్కన నిలబడి ఉంటారు. వెనక్కి పెట్టుకున్న చేతుల్లో వేణువు లాంటి నై ఉంటుంది. కాళ్ళ దగ్గర కొన్ని తాబేళ్ళు ఆకులు తింటుంటాయి. కొట్టకుండా, అరవకుండా, సంగీతంతో తాబేళ్ళకు తర్బియత్ నేర్పాలని చూస్తున్న మనిషి. అది తన జీవితం మీద తానే వేసుకున్న చిత్రమని చాలామంది అంటారు. ముప్పై ఏళ్ళు దఫ్తర్లతో, వజీర్లతో, కదలని ఫైళ్ళతో వేగినవారు వేరే ఏమి వేస్తారు? మాలాంటి టీచర్లకు ఆ చిత్రం చూస్తే విడిగా వివరణ అక్కరలేదు. 2004లో వేలం వేస్తే టర్కీలో అంతవరకు ఏ చిత్రానికీ రానంత ధర పలికి, ఇస్తాంబూలులోని పేరా మ్యూజియానికి చేరింది.

1910 ఫిబ్రవరి 24న ఆయన కన్నుమూశారు. కుర్చీలో ఉండగానే పోయారు. ఎస్కిహిసార్ అనే పల్లెలో, తాను వేసవిలో ఉండే ఇంటికి దగ్గర్లో ఖననం చేశారు. ఆ ఇల్లు ఇప్పుడు ఆయన పేరిట మ్యూజియం అయింది. కుర్చీని తమ్ముడు హలీల్ ఎద్‌హెమ్ అందుకుని 1931 దాకా నడిపించారు. మొదటి ప్రపంచయుద్ధం, నగరం శత్రువుల చేతికి చిక్కడం, సల్తనత్ కూలడం, అన్నీ ఆ కాలంలోనే జరిగాయి. సికందర్ పేటిక మాత్రం ఉన్నచోటనే ఉంది. ఈ రోజుకీ ఇస్తాంబూలు వెళ్ళినవారు దాన్ని చూడవచ్చు.

మనకు ఏమిటి?

సంఘం సంచికలో టర్కీ దేశపు పెద్దమనిషి కథ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మా జవాబు చెబుతాము. మన ఊళ్ళలో పాత మసీదుల గోడల మీద, దర్గాల గుమ్మాల మీద, ఖబ్రస్తాన్ రాళ్ళ మీద ఫార్సీ, అరబ్బీ శాసనాలు ఉన్నాయి. సున్నం మీద సున్నం వేసి, పెయింటు మీద పెయింటు వేసి, మనమే వాటిని మూసేస్తున్నాము. మన ఇళ్ళలో తాతల నాటి సనదులు, ఖాజీ దఫ్తర్లు, చేతిరాత కితాబులు ఉన్నాయి. చదవడం రాని మనవడు అటక దులిపి పాతకాగితాల వాడికి కిలోల లెక్కన వేస్తున్నాడు. ఓడలు ఎక్కించుకుపోయే దొరలు ఇప్పుడు అక్కరలేదు. మన చేతులు చాలు.

ఈ పని చదువుకున్న పిల్లలకు జీవనోపాధి కూడా. భారత పురావస్తు శాఖలో అరబ్బీ, ఫార్సీ శాసనాలు చదవడానికే నాగపూరులో ఒక విభాగం ఉంది. హైదరాబాదులోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలపు ఫార్సీ దఫ్తర్లు గుట్టలుగా ఉన్నాయి. వాటిని చదవగలిగేవారు ఏటేటా తగ్గిపోతున్నారు. ఉర్దూ మీడియంలో చదివితే ఏమి లాభమని మమ్మల్ని అడిగే తల్లిదండ్రులకు మేము చెప్పే సంగతుల్లో ఇది ఒకటి. ఆ లిపి తెలిసిన పిల్లవాడు తెలుగు, ఇంగ్లీషు కూడా బాగా నేర్చుకుంటే, ఇతరులు తెరవలేని తాళం అతను తెరుస్తాడు.

ఉస్మాన్ హమ్దీ బే కాపాడిన పేటికల్లో ఒక్కటి కూడా ఆయన పూర్వీకులది కాదు. వాటి మీద రూపాలు ఆయన మతానికి చెందినవి కావు. అయినా కొండ తొలిచి, రేవు కట్టి, ఓడ కోసి తెచ్చారు. ఎవరిదన్న లెక్క అమానత్‌కు లేదు, చేతికి వచ్చిందా లేదా అన్నదే లెక్క. ఈ పండుగ సెలవుల్లో ప్రతి ఇంట్లోనూ అటక మీద పెట్టె ఒకసారి దింపి చూడండి. కాగితాలుంటే పారవేయకండి. పొడి గుడ్డలో చుట్టి, ఎవరివో, ఎక్కడివో, ఏ తాత చేతినుంచి వచ్చాయో ఒక చీటీ మీద రాసి లోపల పెట్టండి. ఆ చీటీయే రిజిస్టరులో మొదటి పంక్తి.